మాల్దీవులు: ప్రాణులు కట్టిన దేశము



“చిల్లిగవ్వ లేదు” అను మాట వినని తెలుగువారుండరు. ఒకప్పుడు భారతదేశమున నాణెముగా చెల్లిన గవ్వలలో పెక్కు హిందూమహాసముద్రమందలి మాల్దీవుల నుండి వచ్చినవే. ఆ ద్వీపవాసులు గవ్వలను ఓడలకెత్తి వంగదేశమునకు పంపి, బదులుగా బియ్యము తెచ్చుకొనెడివారు. పదునాల్గవ శతాబ్దమున అచ్చట న్యాయాధిపతిగా నుండిన ఇబ్న్ బతూతా ఈ వర్తకమును వర్ణించియున్నాడు. ఒక ప్రాణి విడిచిన పెంకు నాణెమగుట వింత. ప్రాణులు విడిచిన సున్నమే ఒక జాతికి నేల యగుట అంతకంటె వింత.

మన లక్షద్వీపములకు దక్షిణమున, అదే జలాంతర్గత పర్వతశ్రేణిపై, సుమారు 1,200 దీవులు 26 వలయములుగా నమరియున్నవి. ఇట్టి వలయమును ‘అటాల్’ అందురు. ఆ పదమును ప్రపంచమున కొసగినది అచ్చటి దివేహి భాషయే. ఈ దేశమున కొండ లేదు, నది లేదు. నేలలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా సముద్రమట్టమునకు ఒక మీటరు ఎత్తు లోపలనే యున్నది.

ఈ నేల ఎట్లు పుట్టినది? పూర్వపు అగ్నిపర్వతములు సముద్రమున క్రుంగిపోవుచుండగా, వానిపై పగడపు పురుగులు సున్నపు గూళ్లు కట్టుచు పైకి వచ్చినవి. ఇవి నవరత్నములలోని పగడమునకు దాయాదులు. ఆ దిబ్బలపై పెరుగు నాచు కొరకు చిలుకముక్కు వంటి నోరుగల చేపలు సున్నపురాతిని కొఱికి, నూరి, ఇసుకగా విసర్జించును. వక్కారు అను దీవియొద్ద జరిగి 2015లో వెలువడిన పరిశోధన ప్రకారము, క్రొత్తగా ఏర్పడు ఇసుకలో 85 శాతము ఈ చేపల వలననే కలుగుచున్నది. అలలు ఆ ఇసుకను పోగుచేయగా దీవి యగును. పెద్ద అలల బలమును ఒడ్డు చేరకమునుపే విఱుచునదియు ఆ పగడపు దిబ్బయే. కావున అచ్చట జీవరాశి వేఱు, దేశరక్షణ వేఱు కావు.

పగడపు పురుగు దేహమున సూక్ష్మమైన నాచు నివసించి దానికి ఆహారమిచ్చును. సముద్రజలము మితిమీరి వేడెక్కినచో ఆ నాచు తొలగిపోవును, పగడము తెల్లబాఱును, వేడి తగ్గకున్న ఆకలితో మరణించును. 1998లో లోతులేని చోట్ల పగడములలో అత్యధికభాగము ఇట్లు నశించినది. అవి క్రమముగా కోలుకొనుచుండగా 2016లో మరల అదే విపత్తు సంభవించినది. విపత్తునకు విపత్తునకు నడుమ వ్యవధి తగ్గినకొలది కోలుకొను శక్తి సన్నగిల్లును.

సముద్రమట్టమా, 2006 నుండి 2018 వఱకు ఏటికి సగటున 3.7 మిల్లీమీటర్లు పెరిగినది. దీవులన్నియు మునుగుట తథ్యమని కొందఱందురు. కాని అలలు ఇసుకను ఒడ్డున కెత్తుచున్నంత కాలము దీవి తన రూపమును మార్చుకొని నిలువగలదని భూవిజ్ఞానులు చూపియున్నారు. ఇసుకను పుట్టించు ప్రాణులు జీవించియుండుట అందుకు నియమము. అప్పటికిని ఉప్పునీరు లోనికి చొచ్చి, నేలక్రింద నిలిచిన మంచినీటిపొరను చెఱచు భయము తీఱదు.

1987లో పెనుకెరటములు రాజధాని మాలేను ముంచెత్తిన పిమ్మట జపాను సహాయముతో అచ్చట కాంక్రీటు అడ్డుకట్ట కట్టిరి. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో అది నగరమును చాలవఱకు కాచినది. అదే దినమున కందొల్హుదూ అను చిన్నదీవి నివాసయోగ్యము గాక పోగా, దాని ప్రజలు 2008లో దువాఫారు దీవికి తరలిరి. జనులున్న దీవులు రెండు వందలకు సమీపముగా నున్నవి. అన్నిటికి అట్టి గోడ కట్టుట సాధ్యమా? సముద్రమును పూడ్చి హుల్హుమాలే వంటి ఎత్తైన నేలను నిర్మించుట వేలమందికి ఇండ్లిచ్చినది. కాని పూడ్చినచోట సజీవమైన పగడపు దిబ్బ సమాధియగును. ఇండ్లకై పగడపురాళ్లను తవ్వినందున దిబ్బలు బలహీనపడుట ఆ ప్రజలు మునుపే చూచిరి.

వారు చేయగలిగినది చేయకపోలేదు. 2010లో సొరచేపల వేటను నిషేధించిరి. 2011లో బా అటాల్ యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతమైనది. 1989 నవంబరులోనే చిన్న దేశములను మాలేకు పిలిచి, పెరుగు సముద్రమును గూర్చి ప్రపంచమును హెచ్చరించిరి. అయినను సముద్రపు వేడిని తగ్గించుట వారి చేతిలో లేదు. భూతాపము 1.5 డిగ్రీలు పెరిగిన ప్రపంచ పగడములలో 70 నుండి 90 శాతము, 2 డిగ్రీలైన 99 శాతమునకు మించి క్షీణించునని 2018లో అంతర్జాతీయ వాతావరణ నిపుణుల సంఘము తెలిపినది.

2014 డిసెంబరులో మాలేలో నీటిశుద్ధి కేంద్రము కాలిపోయి ప్రజలు దాహమునకు గుఱియైనప్పుడు భారతదేశము విమానములలోను ఓడలలోను మంచినీరు పంపినది. దాహమునకు నీరు పంపవచ్చును. పగడము చచ్చిన దీవికి నేలను పంపు ఓడ లేదు. ఆ అర డిగ్రీ తేడాను కాపాడుటయే పెద్ద దేశములు మాల్దీవులకు చేయదగిన సహాయము. అదే పర్వతశ్రేణిపై లక్షద్వీపములను నిలుపుకొన్న భారతదేశమునకు అది పరోపకారము మాత్రమే కాదు, స్వగృహరక్షణము కూడ.