నొప్పి లేని గడ్డ

"నొప్పి లేదుగా, పోనీలే" - రొమ్ములో గడ్డ తగిలినప్పుడు చాలామంది స్త్రీలు అనుకునే మాట ఇది. ప్రమాదమంతా ఇక్కడే వుంది. కాన్సర్ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. తరచు గట్టిగా, అంచులు ఎగుడుదిగుడుగా వుండి, సులువుగా కదలదు.

చర్మం సొట్టపడినా, నారింజ తొక్కలా మారినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, రక్తం కారినా అనుమానించాలి. పరీక్ష రొమ్ముతో ఆగకూడదు. చంకల్లో, మెడకింది ఎముక పైన వేళ్ళతో తడిమి, గట్టి బిళ్ళలున్నాయేమో చూడాలి. గడ్డలన్నీ కాన్సర్ కావు. కానీ ఆ మాట తేల్చవలసింది వైద్యులు. సిగ్గుతో దాచుకుంటే తేలదు.

గడ్డని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలే అక్కర్లేదు. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తోనే పరీక్షించారు. పరీక్ష జరగనివారితో పోలిస్తే, 50 ఏళ్ళు, ఆపైన వున్నవారిలో రొమ్ము కాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో వెల్లడైంది.

30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకి అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చెయ్యాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. మన ఊరి ఆరోగ్య కేంద్రంలో అది జరుగుతోందా? తెర వుందా? స్త్రీ సమ్మతి అడుగుతున్నారా? గడ్డ దొరికితే పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటుందా? ఈ ప్రశ్నలతోనే ఆరోగ్య కేంద్రానికి వెళదాం.