సామురాయి కత్తియు బియ్యమును



జపాను దేశమున సామురాయి లనబడు యోధులు నడుమున రెండు కత్తులు దాల్చి తిరుగుచుండిరి. వారికి ప్రభువు లొసగు భృతి బియ్యమే. అది తండ్రి యనంతరమున కొడుకునకు సంక్రమించెడిది. నేను బడిలో ఈ కథ చెప్పినపుడెల్ల పిల్లలు కత్తులను గూర్చియే యడిగెడివారు. బియ్యమును గూర్చి యొక్కడును అడుగలేదు. చిక్కంతయు బియ్యమునందే యున్నది.

రెండువందల యేండ్లకు పైగా యుద్ధములు లేమిచే వారిలో పెక్కురు కచేరీలలో లెక్కలు వ్రాయువారైరి, వర్తకులకు ఋణపడిరి. 1868లో నూతన ప్రభుత్వమును నెలకొల్పినవారును సామురాయిలే. వారే 1871లో సంస్థానములను రద్దుచేసిరి. 1873లో యోధుడు, రైతు అను భేదము లేక యువకులను సైన్యమున చేర్చు శాసనము గావించిరి. 1876లో కత్తి దాల్చుటను నిషేధించి, భృతికి మారుగా ఋణపత్రము లిచ్చిరి. చిన్న సామురాయికి ఆ వడ్డీ కూటికైనను చాలలేదు. తమవారి అన్నమును తామే తీసివేయుట యెంత కఠినకార్యమో యోచింపుడు!

సత్సుమా సీమవాడగు సైగో తకమోరి ఆ ప్రభుత్వస్థాపకులలో నొకడు. సైనికశాసనము వెలువడునాటికి ప్రభుత్వమున ముఖ్యుడై యుండెను. 1877లో అసంతుష్టులగు సామురాయిలకు నాయకుడై అతడు తిరుగబడగా, రైతుబిడ్డలతో నిండిన ఆ క్రొత్త సైన్యమే యతని నోడించెను. సెప్టెంబరు 24న, తన స్వస్థలమగు కగోషిమాలో, షిరోయామా కొండపై మరణించెను. 1889లో ప్రభుత్వ మాతని క్షమించెను. 1898లో టోక్యో నగరమందలి యుయెనో తోటలో నాతని విగ్రహము వెలసెను: సామాన్యవస్త్రము, ప్రక్కన కుక్క, నడుమున నొక్క కత్తి.