రెండు కంఠముల పాట

నేటి సాయంకాలము నేను మీతో ముచ్చటింప దలచిన విషయము మనలో పలువురకు నచ్చనిది; విన్నంతనే చెవులు మూసికొనవలెనని తోచునది. పాశ్చాత్య దేశములలో "బ్లాక్ మెటల్" అను నొక సంగీతశాఖ కలదు. ఇంగ్లండులోని వెనమ్ అను బృందము 1982లో వెలువరించిన రికార్డు పేరే ఈ శాఖకు పేరైనది. ఇందు గిటారులు రొదపెట్టును, డ్రమ్ములు వడగండ్ల వానవలె కురియును, గాయకుడు పాడుటకు మారుగా అరచును. ఈ శాఖలో కొందరు అడవి, మంచు, చీకటి మున్నగువాని భావమును వినువాని చుట్టును క్రమ్మించుటయే ముఖ్యముగా నెంచి, ఆ అరుపుల నడుమ మెత్తని పాటను గూడ చేర్చుదురు. ఈ రెండు కంఠముల కలయికను విన్నవారి మనస్సులు ఎట్లు చలించును, ఏల అట్లు చలించును అనునదే నేటి ప్రసంగము.

ఇట్టి విషయమును గూర్చి మాటాడుటకు ఈ ముసలివానికేమి పని యని మీరడుగవచ్చును. అడుగుట న్యాయమే. కావున మొదట నా తప్పు చెప్పుకొందును.

నా కుమార్తె కొడుకు పట్టణమున చదువుకొనుచున్నాడు. వేసవి సెలవులకు మా యింటికి వచ్చెను. ఒకనాటి సంధ్యవేళ నేను వసారాలో కూర్చుండి భాగవతము చదువుకొనుచుండగా, లోపలి గదినుండి రంపముతో కొయ్యను కోయుచున్నట్లును, దానితోపాటు ఎవరో గొంతు చించుకొని యేడ్చుచున్నట్లును ధ్వని వినవచ్చెను. పిల్లవానికేమైనదో యని పరుగెత్తితిని. వాడు కన్నులు మూసికొని, గోడకు చేరగిలబడి, ప్రశాంతముగా వినుచుండెను. నాకు భయము పోయి కోపము వచ్చెను. "ఇది పాటయా, దయ్యమా? ఆపుము!" అని గద్దించితిని. వాడు ఆపెను. ఎదురు మాట యాడలేదు. నాటినుండి వాడు నేనున్న చోట పాట వినలేదు. పాటతోపాటు మాటయు తగ్గెను. పది దినములు "ఆఁ, ఊఁ" అనుట తప్ప వేరు మాట వాని నోట రాలేదు. నేను కోరిన నిశ్శబ్దమే యింటిలో నిండెను గాని, అది నాకు సుఖము నీయలేదు.

సెలవులు ముగియవచ్చినవి. చివరకు నేనే వాని గదికి పోయి, "నాయనా, నీవు వినుదానిని నేనును వినెదను. అందేమున్నదో చెప్పుము" అంటిని. వాడు కొంతసేపు నా మొగము చూచి, "తాతయ్యా, ఆనాడు మీరు విన్నది మూడవది. మొదటి దానినుండి వినవలెను" అనెను.

ఆ మాట యర్థమేమో చెప్పెదను. నార్వే దేశమున "ఉల్వర్" అను నొక బృందము కలదు. ఉల్వర్ అనగా తోడేళ్ళు. 1995 మొదలు 1997 వరకు వీరు మూడు రికార్డులు వెలువరించిరి. మొదటిదాని పేరు "బెర్గ్‌టాట్". అందు అరుపును పాటయు రెండును కలవు. 1996 నాటి రెండవదాని పేరు "క్వెల్డ్‌సాంగర్". అందు అరుపు లేదు. తీగెవాద్యములు, మెత్తని గానమే అందు ప్రధానము. 1997 నాటి మూడవదాని పేరు "నాట్టెన్స్ మాడ్రిగల్". మనుష్యునిలోని తోడేలునకు ఎనిమిది స్తోత్రములని దాని యుపశీర్షిక. అందు మెత్తని గానము లేదు. దాదాపు మొదటినుండి తుదివరకు రంపపు రొదయే. నేను గద్దించి ఆపించినది ఈ మూడవదానిని.

మనుమడు మొదటి రికార్డును వినిపించెను. నార్వే జానపదుల నమ్మకము ప్రకారము కొండలలోపల మరియొక జాతివారు నివసింతురు. వారు అడవిలో దారి తప్పిన మనుష్యులను మరులుకొల్పి కొండలోనికి కొనిపోవుదురట. అట్లు పోయినవారిని "బెర్గ్‌టాట్" అందురు. రికార్డు ఐదధ్యాయముల కథ. సుమారు 35 నిమిషములు. ఒక కన్య అడవిలో దారి తప్పును. ప్రొద్దు కొండలవెనుకకు క్రుంగును. ఏవో నెరసిన చూపులు తనను వెంటాడుచున్నట్లు ఆమె కనిపెట్టును. ఒక గొంతు ఆమెను పిలుచును. తుదకు ఆమె కొండ గదులలోనికి పోవును. ఇంతియే కథ. మరియొక విశేషమేమనగా, దీనిని వ్రాసినవారు నేటి వాడుక భాషను విడిచి, పూర్వకాలపు డేనిష్-నార్వేజియను గ్రాంథికశైలిని చేపట్టిరి. ఇరువది యేండ్లు నిండని యువకుడు తాతముత్తాతల భాషలో పాడినాడనగా నాకు కొంత గౌరవము కలిగినదని యొప్పుకొందును.

మొదటి అధ్యాయము విని నేను ఆశ్చర్యపడితిని. డ్రమ్ములు వడిగా మ్రోగుచున్నను పైన పలుకంఠములు కలిసినట్లు నిదానమైన గానము సాగినది. రెండవ అధ్యాయమున ఆ అరుపు వచ్చెను. నేను ఉలికిపడితిని గాని లేవలేదు. మూడవ అధ్యాయమున రొద యంతయు ఒక్కమారు ఆగి, అడవిలో ఎవరో పరుగెత్తుచున్న అడుగుల చప్పుడు వినవచ్చెను. ఆ పరుగు ఎవరిదో నాకు తెలియును. కథ ముందే వింటిని గదా! అపుడు నా చేయి, నాకు తెలియకుండగనే, మనుమని భుజముమీద పడెను. నాల్గవ అధ్యాయమున అరుపు మచ్చునకైన లేదు. గిటారు మెల్లగా మ్రోగుచుండ, జోలపాటవలె ఒక గానము. "హమ్మయ్య, గండము గడచినది" అంటిని. మనుమడు నవ్వి, "తాతయ్యా, ఈ అధ్యాయము పేరు 'ఒక గొంతు మరులుకొల్పును' అని. ఆమెను కొండలోనికి పిలుచుచున్నది ఈ తీయని గొంతే" అనెను.

పెద్దలారా! అచ్చట నా తల తిరిగినది. తీయని కంఠము మంచిదనియు, కటువైన కంఠము చెడ్డదనియు నేను ముందే నిర్ణయించుకొని కూర్చుంటిని. కథ దానిని తలక్రిందులు చేసినది. ఆలోచించి చూడగా మన రామాయణమునను ఇంతియే. మారీచుడు రాముని కంఠముతోనే పిలిచెను. రావణుడు సన్న్యాసి వేషమున వచ్చి మర్యాదగానే పలుకరించెను. సీతమ్మను మోసగించినవి నమ్మదగినట్లు తోచిన గొంతులే. ఆ తల్లి ఆక్రందనము శ్రావ్యముగా లేదని జటాయువు చెవులు మూసికొనలేదు.

"ఈ ఇద్దరు గాయకులును ఎవరు?" అని అడిగితిని. "ఇద్దరు కారు, ఒక్కడే" అనెను వాడు. క్రిస్టొఫర్ రిగ్ అను నాతడే, గార్మ్ అను మారుపేరుతో, ఈ రెండు కంఠములను పలికించెను.

ఒక్క మనుష్యుని గొంతు ఇట్లు మారుట యెట్లు? మన గొంతులో స్వరమును పుట్టించు రెండు మడతలు కలవు. వానికి పైగా మరి రెండు మడతలు కలవు. మామూలుగా మాటాడునపుడు ఇవి యూరకుండును. ఇట్టి కటుస్వరమును సాధన చేసినవారిలో పలువురు ఈ పై మడతలను గూడ అదరించి ఆ గరుకుదనమును పుట్టింతురు. రష్యా దేశమందలి తువా ప్రాంతపు గాయకులు "కర్గిరా" అను మంద్రగానమున వాడునవియు ఈ మడతలే. సాధనలేక అరచినవారి గొంతు చెడును; నేర్చినవాడు మరునాడును పాడగలడు. కావున అది వట్టి కేక కాదు, అభ్యాసముచేత వచ్చిన విద్య.

ఇక వినువాని సంగతి. నేను ఆనాడు పరుగెత్తుటకు శాస్త్రీయమైన కారణము కలదు. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, మనుష్యుడు భయముతో అరచునపుడు ధ్వని బలము సెకనునకు 30 మొదలు 150 మారుల వరకు హెచ్చుతగ్గులు పొందుచుండుననియు, మామూలు మాట ఈ హద్దును వాడదనియు, ఆ గరుకుదనము చెవిని పడినంతనే మెదడులో అపాయమును పసిగట్టు "అమిగ్డలా" అను భాగము మేల్కొనుననియు తేలినది. అపాయఘంటలలోను ఈ గరుకుదనమే కలదు. కావున అరుపు విని అదరిపడుట తప్పు కాదు. అది ప్రకృతి పెట్టిన కాపలా. అదరిపాటునే తీర్పుగా భావించుటయే తప్పు.

అట్లయిన అలవాటుపడినవారు దానిని విని ప్రశాంతముగా నెట్లుందురు? ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయమువారు ఇట్టి తీవ్రసంగీతమును వాడుకగా విను 39 మందిని, 18 మొదలు 34 యేండ్ల వారిని, పరీక్షించి 2015లో ఫలితమును ప్రకటించిరి. మొదట వారికి కోపము తెప్పించు సంగతులను జ్ఞప్తికి తెప్పించి, పిదప కొందరిని పది నిమిషములు తమ కిష్టమైన పాట వినుమనిరి. తక్కినవారిని ఊరక కూర్చుండుమనిరి. పాట విన్నవారి కోపము పెరుగలేదు. ఊరక కూర్చున్నవారివలెనే వారి చిరాకును తగ్గినది. పైగా వారికి ఉత్సాహము కలిగినది. మనసులోని బరువునకు తగిన బరువు బయట దొరికినపుడు మనసు తేలికపడును కాబోలు. చావు జరిగిన యింట గట్టిగా ఏడ్వనిచ్చుట మేలని మన ముసలమ్మలకు ఏనాడో తెలియును.

ఐనను ఈ సంగీతమును మెచ్చువారందరును ఒక్క తీరువారు కారు. కొందరు, "అరుపు తీసివేసినచో ఎంత చక్కగా నుండును!" అందురు. వారు ఉల్వర్ రెండవ రికార్డును ప్రేమింతురు. మరికొందరు, మెత్తని పాట చేరుట పాలలో నీళ్ళు పోయుటవంటిదందురు. వారికి మూడవదియే వేదము. ఇంకను కొందరు, ఒకటి లేనిదే రెండవదానికి విలువ లేదందురు. ఈ తగవు ఉల్వర్‌తో ఆగలేదు. ఫ్రాన్సు దేశపు "ఆల్సెస్ట్" బృందపు గాయకుడు, నేజ్ అను నాతడు, బాల్యమున తనకు గోచరించిన మరియొక లోకమును పాటలో చూప యత్నించుచున్నానని చెప్పుకొన్నవాడు. 2010 నాటి రికార్డులో అతడు రెండు కంఠములను కలిపెను. 2014లో "షెల్టర్" అను రికార్డున అరుపును పూర్తిగా మానెను. మృదుత్వము కోరినవారు హర్షించిరి. ఉభయమును కోరినవారు ఏదో వెలితి యనిరి. 2016లో "కొడామా" యందు అరుపు మరల వచ్చెను.

నా మాట యడిగినచో, ఉల్వర్ రెండవ రికార్డును హాయిగా వింటిని, మరునాటికి మరచితిని. మూడవదానిని తుదివరకు వినలేకపోతిని, ఇప్పటికిని వినలేను. మొదటిది మాత్రము నన్ను విడువలేదు. చీకటిలో నడచినవానికే దీపము విలువ తెలియునన్న మాట ఆ రికార్డు విషయమున నాకు నిజమైనది.

మీయొద్ద ఒక సంగతి దాచరాదు. ఈ సంగీతమునకు చెడ్డ చరిత్రయు కలదు. నార్వేలో 1990 తరువాతి తొలియేండ్లలో, దీనితో సంబంధముగల కొందరు యువకులు చర్చిలను తగులబెట్టిరి. పండ్రెండవ శతాబ్దమునాటి ఫాంటాఫ్ట్ కొయ్య చర్చి 1992 జూన్ 6న బూడిదయైనది. 1997 నాటికి దానిని మరల కట్టిరి. 1993లో ఒక గాయకబృందపు నాయకుడు తోటివానిచేతనే హతుడైనాడు. ఆ నేరములకు క్షమ లేదు. ఐనను కొందరి నేరమును వినువారందరికిని అంటగట్టుట న్యాయము కాదు. మీ మనుమడు ఏమి వినుచున్నాడో, అందేమి మాటలున్నవో తెలిసికొనుట మీ హక్కే కాదు, మీ బాధ్యత. తెలిసికొనుటకు మాత్రము వానితో కూర్చుండి వినవలెను.

నార్వే పల్లెలలో మరియొక నమ్మకము కలదు. కొండలోనికి పోయినవారిని మరల రప్పించుటకు ఊరివారు చర్చి గంటలు మ్రోగింతురట. ఆ మ్రోత చెవిని పడినచో కొండ విచ్చుకొని, పోయినవారు తిరిగి వత్తురట. మన పిల్లలును మనకు తెలియని యే కొండలోనికో పోవుచున్నారని మనము భయపడుదుము. ఆ భయముతో నేను గద్దించితిని. వాడు మరింత లోపలికి పోయినాడు. "నేనును వినెదను" అన్న ఒక్క మాటకు వెలుపలికి వచ్చినాడు.

సెలవులు ముగిసి వాడు రైలెక్కునపుడు, "తాతయ్యా, వచ్చునపుడు మీరు చదువు భాగవతము నాకు వినిపింతురా?" అని యడిగెను. "వినిపింతును, కాని మొదటి స్కంధమునుండి వినవలెను" అంటిని. ఇద్దరమును నవ్వుకొంటిమి.