విక్టర్ ఫ్రాంకల్ కోటులోని పుస్తకం



ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆ డాక్టరుగారు రోగిని ఊరికే ఓర్చుకోమనేవారు కాదు. ముందు నొప్పి తగ్గే మందు రాసి, తర్వాతే ధైర్యం చెప్పేవారు. ఆయన స్మృతిలో ఈ ఏడు మరో డాక్టరు గురించి మాట్లాడతాను. వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్.

నాజీ శిబిరాల్లో నరకం చూశారనీ, ఆ నరకమే ఆయనకు జీవితానికి అర్థం నేర్పిందనీ మనలో చాలామంది చెప్పుకుంటాం. మొదటి మాట నిజం. రెండోది తప్పు, అదీ ప్రమాదకరమైన తప్పు.

1905లో పుట్టిన ఫ్రాంకల్, 1930లలోనే వియన్నా స్టైన్‌హాఫ్ ఆసుపత్రిలో ఆత్మహత్యకు ఒడిగట్టే స్థితిలో ఉన్న స్త్రీలకు వైద్యం చేశారు. ఎందుకోసం బతకాలో తెలియడం మనిషికి అన్నిటికన్నా పెద్ద అవసరమన్న ఆలోచన అప్పటికే ఆయనలో రూపుకట్టింది. 1941లో అమెరికా వీసా చేతికొచ్చింది. ముసలి తల్లిదండ్రులను వదిలి వెళ్లడమెలా? నాజీలు తగలబెట్టిన యూదుల ప్రార్థనా మందిరం శిథిలాల్లోంచి తండ్రి ఏరి తెచ్చిన చలవరాతి ముక్క ఒకటి ఇంట్లో ఉంది. దాని మీద మిగిలిన ఒకే ఒక హీబ్రూ అక్షరం, తల్లిదండ్రులను గౌరవించమనే ఆజ్ఞలోనిది. ఫ్రాంకల్ వీసా గడువు దాటిపోనిచ్చారు. మరుసటి ఏడు భార్య టిల్లీతో, తల్లిదండ్రులతో సహా ఆయన్ను టెరెజీన్ శిబిరానికి తరలించారు. తండ్రి అక్కడే కన్నుమూశారు.

1944 అక్టోబరులో ఆష్విట్జ్ శిబిరంలో దిగేనాటికి ఆయన కోటులో ఒక పుస్తకం రాతప్రతి ఉంది. ఆయన సిద్ధాంతమంతా అందులోనే. అక్కడ బట్టలన్నీ విప్పించారు, కోటుతోపాటు పుస్తకమూ పోయింది. బదులుగా దొరికిన చింకికోటు గ్యాస్ గదికి పంపిన మరో ఖైదీది. అంటే ఆష్విట్జ్ ఆయనకు అర్థాన్ని ఇవ్వలేదు, ఉన్నదాన్ని లాక్కుంది. ఈ సంగతి మరిచిపోతే హంతకులకు గురుస్థానం ఇచ్చినవాళ్లమవుతాం.

1945 మార్చిలో, ఆ తర్వాత తరలించిన టుర్క్‌హైమ్ శిబిరంలో ఆయనకు 40 ఏళ్లు నిండాయి. తోటి ఖైదీ ఒకరు పెన్సిల్ ముక్క, నాజీ ఎస్‌ఎస్ దళంవాళ్ల దగ్గర కొట్టుకొచ్చిన కొన్ని చిన్న ఫారాలు కానుకగా ఇచ్చారు. టైఫస్ జ్వరంతో ఫ్రాంకల్ ఒళ్లు కాలిపోతోంది. నిద్రపోతే ప్రాణం పోతుందేమోనన్న భయంతో రాత్రుళ్లు మేలుకుని, పోయిన పుస్తకాన్ని గుర్తుచేసుకుంటూ ఆ చిత్తుకాగితాల మీద షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నారు.

మార్చి 30న విడుదలవుతామని కలగన్న ఒక తోటి ఖైదీ గురించి కూడా ఆయన రాశారు. ఆ తేదీ దగ్గరపడింది, విడుదల జాడ లేదు. అతను 31న చనిపోయాడు. చావుకు కారణం టైఫస్. ఆశ పోవడంతో ఒంట్లో తట్టుకునే శక్తీ పోయిందని ఫ్రాంకల్ నమ్మకం. నాకిక్కడ కొంచెం జంకు ఉంది. గొప్ప ఆశయం ఉన్నవాళ్లూ అక్కడ లక్షల్లో చనిపోయారు. తిరిగి రాని టిల్లీకి మాత్రం బతకాలన్న కోరిక తక్కువా? బతికినవారు గెలిచారనీ చనిపోయినవారు ఓడారనీ లెక్క కడితే అది అన్యాయం. తమలో ఉత్తములు తిరిగి రాలేదని ఫ్రాంకలే ఒప్పుకున్నారు.

తప్పించగలిగిన బాధను ముందు తప్పించాలనీ, దాన్ని ఊరికే భరించడం గొప్పతనం కాదనీ కూడా ఆయన స్పష్టంగా రాశారు. మనం పరామర్శకు వెళ్లి "దేవుడు పరీక్ష పెట్టాడమ్మా" అని వచ్చేస్తాం. అప్పులకు భర్తను పోగొట్టుకున్న పత్తిరైతు భార్యకు ఆ మాట ఎందుకు పనికొస్తుంది? ఆమెకు ముందు కావలసింది అప్పు తీరే దారి, పిల్లల ఫీజు, పట్టా పాసుపుస్తకంలో తన పేరు. ఆ దుఃఖంలోంచి ఏం వెతుక్కోవాలో ఆమె ఇష్టం. ఆమె తరఫున మనం అర్థం చెప్పకూడదు.

విడుదలై వియన్నా చేరాక, టిల్లీ, తల్లి, అన్న ఎవరూ మిగల్లేదని ఫ్రాంకల్‌కు తెలిసింది. అక్కడే, తొమ్మిది రోజుల్లో, శిబిరాల అనుభవాలను చెప్పి రాయించారు. పేరు లేకుండా తన ఖైదీ నంబరుతోనే అచ్చువేయాలనుకున్నారు, స్నేహితులు ఒప్పుకోలేదు. 1946లో పుస్తకం వెలువడింది. అదే ఏడాది వియన్నా పాలిక్లినిక్‌లో నరాల విభాగానికి అధిపతిగా చేరి, 25 ఏళ్లు అక్కడే రోగులను చూశారు. నాజీల అకృత్యాల్లో ఆ ఊరి జనమంతా నేరస్తులేనన్న మాటను ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.