జిమ్నీలో పడుకోవడం ఎలా?

చలికాలం వచ్చింది, లంబసింగి ప్లాన్లు మొదలయ్యే ఉంటాయి. జిమ్నీలో ఇద్దరు పడుకోవచ్చా? పడుకోవచ్చు.

ముందు సీట్ల హెడ్‌రెస్టులు తీసి, సీట్లు ముందుకు జరిపి పూర్తిగా వెనక్కి వాల్చండి. వెనక సీటుతో దాదాపు కలిసిపోతాయి. కానీ చదునుగా ఉండదు, గుంటలు పడతాయి. మడతపెట్టిన దుప్పట్లతో వాటిని నింపి పైన పరుపు వేయండి. వేలు పోసి ఎయిర్ బెడ్ కొనేముందు, ఇంటి దగ్గరే బొంత వేసి ఒక గంట పడుకుని చూడండి. నడుమే చెప్పేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. చలేస్తోందని ఇంజన్ ఆన్‌లో ఉంచి, హీటర్ పెట్టుకుని నిద్రపోవద్దు. సైలెన్సర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడు లేవకుండానే ప్రాణం పోవచ్చు. లోపల బొగ్గుల కుంపటి పెట్టినా అంతే, కిటికీ తెరిచాం కదా అనే ధీమా వద్దు. ఇంజన్ ఆఫ్ చేసి, రెండువైపులా అద్దాలు రెండు వేళ్ల సందు దించి, దోమల మెష్ పెట్టండి. అద్దాలకి చెమ్మ కూడా తక్కువ పడుతుంది. చలికి మంచి స్లీపింగ్ బ్యాగ్, మంకీ క్యాప్ చాలు. ఫొటోలో బాగోదు, తెలుసు!

ఫోన్‌కి పవర్ బ్యాంక్ వాడండి. బండి బ్యాటరీ పొద్దున స్టార్ట్ చేయడానికి కావాలి.