సముద్రమిచ్చిన మందు

సముద్రమనగానే మనకు చేపలు, ఉప్పు, ఓడలు స్ఫురించును. ఒక చెంచాడు సముద్రజలము కంటికి నిర్మలముగనే కనిపించును గాని, అందు బాక్టీరియా అను సూక్ష్మజీవులు లక్షలకొలదిగా నివసించుచుండును. వానితోడి కాపురము శిలీంధ్రములది. పచ్చడి జాడీలో మనము చూచి పారవేయు బూజు ఆ జాతిదే.

ఇవి అచట చేయు పని యేమి? కాకినాడ దాపున కోరంగి మడ అడవులను చూచినవారికి సులభముగా బోధపడును. మడ ఆకు రాలి బురదలో పడును. దానిని అట్లే తిని అరిగించుకొనగల జలచరములు తక్కువ. శిలీంధ్రములును బాక్టీరియాయును దానిని పట్టి, మెత్తబరచి, తమ దేహములలోని మాంసకృత్తులను దానికి జోడించును. అప్పుడది రొయ్యపిల్లకు ఆహారమగును.

మనుష్యునకు ఇవి చేసిన ఉపకారములు పెక్కు. ఒకదానిని మాత్రము మేము వివరింపదలచితిమి. ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపములో కాల్యరి అను రేవుపట్టణము కలదు. 1945 నాటికి ఆ ఊరి మురుగు సముద్రములో కలియుచుండెను. ఆ నీటనే యువకులు ఈదులాడుచున్నను, అచట టైఫాయిడ్ జ్వరము తీవ్రత తక్కువగా నుండుటను ఆరోగ్యశాస్త్రాచార్యుడు జుసెప్పె బ్రోట్సు గమనించెను. మురుగు కలియు తావున నీటిని పరీక్షింపగా ఒక శిలీంధ్రము దొరకెను. అది స్రవించు ద్రవము టైఫాయిడ్ క్రిముల పెంపును అరికట్టెను. ఆ శిలీంధ్రము సముద్రములో పుట్టినదా, మురుగుతో వచ్చినదా అని వాదింపవచ్చును; ఉప్పునీట దొరకినదన్నది మాత్రము నిజము. బ్రోట్సు 1948లో ఫలితములను ప్రకటించి, దానిని ఆక్స్‌ఫర్డుకు పంపెను. అచట అబ్రహాం, న్యూటన్ అను శాస్త్రజ్ఞులు 1953లో దానినుండి సెఫలోస్పోరిన్-సి అను పదార్థమును కనుగొనిరి.

దాని శక్తి స్వల్పమే. కాని పెనిసిలిన్‌ను విరుగగొట్టుటకు కొన్ని క్రిములు పుట్టించు ఎంజైము దీనియెడ పనిచేయలేదు. అందుచే రసాయనికులు దాని నడిమి భాగమును నిలిపి, ప్రక్క భాగములను మార్చి క్రొత్త మందులను చేసిరి. 1964లో మొదటిది బజారుకు వచ్చెను. నేటికిని కర్మాగారములలో పెద్ద తొట్లయందు ఆ శిలీంధ్రమును పెంచి మూలద్రవ్యమును తీయుచున్నారు. టైఫాయిడ్ రోగులకు నేడు సూదిద్వారా ఇచ్చు సెఫ్‌ట్రియాక్సోన్ ఈ కుటుంబములోనిదే. ఏ జ్వరమును చూచి బ్రోట్సు వెదక మొదలిడెనో, ఆ జ్వరమునకే మందు చేకూరినది!

అయితే మనము దీనిని వాడుచున్న తీరు భయము గొలుపునదిగా ఉన్నది. జలుబు వైరస్ వలన వచ్చునది. దానిపై ఈ మందులకు ప్రభావము లేదు. అయినను వైద్యుని అడుగకయే దుకాణమున కొని, రెండు మాత్రలు మ్రింగి, తక్కినవి బీరువాలో దాచు ఇండ్లు ఎన్నియో కలవు. అట్టి వాడుకలో బలహీనమైన క్రిములు చచ్చి, మొండివి మిగిలి వృద్ధిపొందును. 2016లో పాకిస్తానునందలి సింధు రాష్ట్రములో సెఫ్‌ట్రియాక్సోనునకు లొంగని టైఫాయిడ్ క్రిమి వ్యాపించెను. నోటిద్వారా ఇచ్చుటకు అచటి వైద్యులకు మిగిలిన మందు అజిత్రోమైసిన్ ఒక్కటియే.