తిన్నడి ముఖం ఎట్లా ఉంటుంది?

(సంఘం యువజన సభలో చేసిన ప్రసంగం పాఠం)

 

మమ్మల్ని పిలిచినప్పుడు చదువు గొప్పతనం గురించి మాట్లాడమన్నారు. దాని గురించి మాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ వేదిక మీదే ఉన్నారు. మేం బొమ్మలు గీసేవాళ్ళం. కాబట్టి మాకు తెలిసిన ఒక చలికాలం గురించి చెబుతాం. 2023 డిసెంబరులో మొదలై 2024 మార్చిలో శివరాత్రికి ముగిసిన చలికాలం అది. ఆ మూడు నెలలూ మేం నలుగురం ఒకే గుడ్డ మీద పనిచేశాం. మాలో ఇద్దరు యానాదులు, ఒకరు ఎరుకల, ఒకరు సుగాలి. మగపిల్లలం ముగ్గురం తిరుపతిలో ఒక గదిలో ఉండేవాళ్ళం, సుగాలి చెల్లెలు ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. ఇప్పుడు ఒకరే నిలబడి చదువుతున్నా మాట మా నలుగురిదీ.

గది సంగతి ముందు చెప్పాలి. మీలో చాలామంది రేపు తిరుపతికో చిత్తూరుకో వచ్చి గది వెతుక్కోవలసినవాళ్ళే. ఒక ఇంటాయన తలుపు తీసి, అడ్వాన్సు మాట అయ్యాక, "మీరేం కులమోళ్ళు నాయనా?" అని అడిగాడు. చెప్పాం. గది నిన్ననే వేరేవాళ్ళకు మాటిచ్చానన్నాడు. నాలుగో ఇంట్లో ఒక అవ్వ, "ఏం చదువుతా ఉండారు?" అని మాత్రమే అడిగింది. బొమ్మలు అన్నాం. "బొమ్మలకు గూడా చదువుండాదా!" అని నవ్వి తాళంచెవి ఇచ్చింది.

ఉంది. టీటీడీ వాళ్ళ శ్రీవేంకటేశ్వర సంప్రదాయ శిల్ప కళాశాల తిరుపతిలో 1960 నుంచి నడుస్తోంది. పదో తరగతి అయినవాళ్ళకు అక్కడ శిల్పం, చిత్రలేఖనం, కలంకారీ నేర్పుతారు. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ కోసమే ఒక విశ్వవిద్యాలయం పెట్టారు. కాళహస్తిలో ఇళ్ళల్లోనే గురువుల దగ్గర కూర్చుని నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చనిపోతుందనుకున్న ఆ పనిని కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950లలో మళ్ళీ నిలబెట్టారు. అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ వివరాలు రాసుకోండి, పనికొస్తాయి.

ఇక మా గుడ్డ. కలంకారీలో సాదా గాడాగుడ్డను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో నానబెట్టి, పిండి ఎండలో ఆరేస్తారు. పాలలోని వెన్న వల్ల రంగు పక్కకు పాకదు. కరక్కాయలోని వగరు నలుపును పట్టుకుంటుంది. ఎండుంటే ఇది చిన్న పనే. మేం గుడ్డ నానబెట్టిన రెండు రోజులకు మిచౌంగ్ తుపాను వచ్చింది. అది డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకుముందే మన జిల్లాను ముంచేసింది. గదిలో ఒక గోడ నుంచి ఇంకో గోడకు తాడు కట్టి, పాలగుడ్డ వేలాడదీసి, ఫ్యాను తిప్పాం. మూడు రోజులైనా ఆరలేదు. పాలు పులిసిన వాసన వీధి దాకా పోయింది. వీధిలోని పిల్లులన్నీ మా కిటికీ కిందే కాపురం పెట్టాయి. ఇల్లుగల్ల అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి బకెట్లో చూసి, "ఇది కరక్కాయ గదరా. దగ్గుకు బుగ్గన పెట్టుకునేది, మీరు గుడ్డకు పూస్తా ఉండారే!" అని ఆశ్చర్యపోయింది. అప్పటికి మాలో ఇద్దరికి దగ్గు. తలా ఒక ముక్క బుగ్గన పెట్టుకుని పని చేసుకున్నాం.

నలుపు రంగును కసీమి అంటారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూడు వారాల దాకా పులియబెట్టాలి. చలికి కుండ పులవనంటే పులవనంది. వీధి చివర టీకొట్టు అన్నను అడిగి, గోనెసంచి చుట్టి, ఆయన పొయ్యి వెనక పెట్టుకున్నాం. ఆయన రోజూ గిరాకీలతో, "అది ముట్టుకోవాకండి సామీ, పిలకాయల చదువు దాంట్లోనే ఉండాది" అని చెప్పేవాడు.

కలం మాత్రం మా ఎరుకల తమ్ముడి ఇంటి నుంచే వచ్చింది. బజార్లో దొరికే కలాలు రెండు రోజులకే మొన చీలిపోతున్నాయి. వాళ్ళమ్మ బుట్టలల్లుతుంది. సంక్రాంతి గిరాకీ కోసం చేటలు, గంపలు సిద్ధం చేస్తూ కూర్చుని ఉంది. కలం చూపిస్తే వేలితో ఒకసారి నొక్కి, "లేత వెదురు ఇది, నీళ్ళు తాగతాది" అని పక్కన పడేసింది. ముదురు వెదురును కణుపు దగ్గర ఎట్లా కోయాలో, ఏ వైపు నుంచి చీలిస్తే మొన నిలబడుతుందో చూపించింది. పావుగంటలో పన్నెండు కలాలు! పైన గుడ్డపీలికలు చుట్టి దారం కట్టటం మాత్రం మేం నేర్పాం. దాన్ని నొక్కితేనే కదా రంగు మొనలోకి దిగేది. అప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఇది: "బుట్టలల్లేదానికి ఎవురూ సర్టిఫికెట్ ఇయ్యరు గదరా, దీనికెట్ల ఇస్తారు?" మా దగ్గర జవాబు లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే సభ అయ్యాక చెప్పండి.

ఏం గీయాలన్నది అప్పటికే తేలిపోయింది. కాళహస్తి అంటే కన్నప్ప. కన్నప్ప కాకముందు అతను తిన్నడు, అడవిలో వేటాడి బతికేవాడు. పుక్కిట నీళ్ళు తెచ్చి లింగానికి అభిషేకం చేశాడు, తలలో పూలు తురుముకుని తెచ్చాడు, తాను రుచి చూసిన మాంసం పెట్టాడు. దేవుడి కంట నెత్తురు కారితే తన కన్ను తీసి పెట్టాడు. రెండో కన్ను తీసేముందు గుర్తు కోసం కాలు ఆనించాడు. తమిళంలో సేక్కిళారు, తెలుగులో ధూర్జటి ఈ కథ చెప్పారు. ఇప్పటికీ కాళహస్తి శివరాత్రి బ్రహ్మోత్సవాలకు తొలి ధ్వజం కన్నప్ప కొండ మీదే ఎగురుతుంది. అతన్ని కొందరు బోయ అంటారు, కొందరు చెంచు అంటారు. మా తెగవాడని దావా వేయటానికి మేం రాలేదు. వేటాడి, తవ్వి, ఏరుకుని బతికినవాడి కథ మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు, అంతే.

అయితే అతని ముఖం ఎట్లా ఉండేది? పాత బొమ్మలు చూశాం. అన్నిటిలోనూ కిరీటం లాంటి జుట్టు, మెడనిండా నగలు, పసిమి ఛాయ. ఊళ్ళో ఎవరినడిగినా 1976లో వచ్చిన బాపు సినిమా 'భక్త కన్నప్ప'లోని కృష్ణంరాజు ముఖమే చెప్పారు. కలంకారీ పద్ధతిలో రాముడికీ కృష్ణుడికీ నీలం, ఆడవాళ్ళకు పసుపు, రాక్షసులకు ఎరుపో ఆకుపచ్చో వేస్తారు. వేటగాడికి ఏ రంగు?

డిసెంబరు చివర్లో ఒక ఆదివారం గుడిమల్లం వెళ్ళాం. ఏర్పేడు దగ్గర, స్వర్ణముఖి ఒడ్డున ఉంది ఆ ఊరు. మీరు తిరుపతికి వందసార్లు వచ్చి ఉంటారు, అక్కడికి ఒక్కసారి వెళ్ళండి. గర్భగుడి లోతుగా ఉంటుంది. లింగం దాదాపు ఐదడుగుల ఎత్తు. దాని ముందుభాగంలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. కుడిచేతిలో పొట్టేలును వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు. ఎడమ చేతిలో చిన్న చెంబు, ఎడమ భుజాన గొడ్డలి. చెవులకు బరువైన పోగులు. ఒంటి మీద జంధ్యం లేదు. ఒక మరుగుజ్జు భుజాల మీద నిలబడ్డాడు. క్రీస్తుకు పూర్వం చెక్కిందని చాలామంది పండితులు అంటారు. పురావస్తు శాస్త్రవేత్త టి.ఎ.గోపీనాథరావు నూరేళ్ళ కిందటే దీని గురించి రాశారు. శివుడి విగ్రహాల్లో మనకు మిగిలిన అతి పాతవాటిలో ఇదొకటి. ఆయన చూడటానికి అచ్చం వేట నుంచి ఇంటికొస్తున్న మనిషిలాగే ఉన్నాడు. ఆ పొట్టేలును పట్టుకున్న పట్టు చూసి మా యానాది తమ్ముడు, "మా నాయన కుందేలును ఇట్లే పట్టుకుంటాడు" అన్నాడు. పూజారి హారతి ఇచ్చేంతసేపూ చూసి, బయటికొచ్చి వేపచెట్టు కింద కూర్చుని గుర్తున్నంత గీసుకున్నాం. నలుగురి బొమ్మల్లో ముఖాలు నాలుగు రకాలు. చెయ్యి మాత్రం ఒకటే.

తిరిగొచ్చాక మా ప్రశ్న తేలిపోయింది. తిన్నడికి మా యానాది తమ్ముడి తాత ముఖం పెట్టాలనుకున్నాం. సత్యవేడు వైపు వాళ్ళ కాలనీకి వెళ్ళాం. తెల్లారుజామున మంచు, తాత చలిమంట ముందు కూర్చుని ఉన్నాడు. వరికోతలయ్యాక చేలల్లో ఎలుకబొరియలు తవ్వి గింజలు తీసుకొచ్చే కాలం అది. చేతులకు ఇంకా మట్టి ఉంది. బొగ్గుముక్కతో గీస్తామంటే, "నా మొగం దేనికిరా? కృష్ణంరాజు ఉండాడు గదా!" అన్నాడు. నవ్వాడు, ఆ నవ్వుతోనే కూర్చున్నాడు. చెవి వెనక బీడీ తీయనన్నాడు. ఆ బీడీ స్థానంలో మేం పువ్వు పెట్టాం.

ఛాయ కోసం చాలా తిప్పలు పడ్డాం. పటిక పూసి చావలికొడి వేరుతో ఉడికిస్తే ఎరుపొస్తుంది. పటికలో కొంచెం కసీమి కలిపి ఉడికిస్తే ముదురు గోధుమరంగు. ఎంత కలపాలో తేల్చుకోవటానికి పీలికల మీద పదిహేడు సార్లు వేసి చూశాం. తుపాను పుణ్యాన స్వర్ణముఖిలో నీళ్ళున్నాయి. మామూలుగా అయితే అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. మోకాలి లోతు చన్నీళ్ళలో నిలబడి గుడ్డ జాడిస్తుంటే పళ్ళు టకటకలాడేవి. పదిహేడో పీలిక ఎండలో ఆరాక తాత భుజం రంగుకు దగ్గరగా వచ్చింది. అంచు మా సుగాలి చెల్లెలు వేసింది. వాళ్ళ జేజి రవికెల మీద అద్దాల చుట్టూ కుట్టే గళ్ళు అవి.

సంక్రాంతికి డబ్బులైపోయాయి. చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమనాడు పశువుల పండుగ జరుగుతుంది. ఎద్దుల కొమ్ములకు బొమ్మల పలకలు కట్టి వదులుతారు, కుర్రాళ్ళు వాటిని లాక్కోవటానికి పడతారు. ఆ పలకల మీద దేవుళ్ళు, నాయకులు, సినిమా హీరోలు ఉంటారు. మేం ఒక్క వారంలో ముప్పై పలకలు రాశాం. మా బొమ్మల కోసం జనం అంతగా కొట్లాడుకోవటం అదే మొదలు, బహుశా ఆఖరు కూడా.

ఫిబ్రవరిలో గుడ్డ దాదాపు పూర్తయింది. ఒక వ్యాపారి చూసి గీత బాగుందన్నాడు. పన్నెండు వేలిస్తానన్నాడు. ఒకే ఒక మాట. "మొగం ఛాయ మార్చండి. నల్లమొగం గోడకు ఎవురూ తగిలించుకోరు." ఆ రాత్రి గదిలో పెద్ద గొడవ. మాలో ఒకరి నాన్న రొయ్యల గుంటల దగ్గర అడ్వాన్సు తీసుకుని పనిచేస్తున్నాడు. అది తీర్చకుండా అక్కణ్ణించి కదలలేడు. ఈ కట్టు ఏమిటో మీలో చాలామందికి మేం చెప్పనక్కర్లేదు. "మొగం మారిస్తే మా నాయన ఇంటికొస్తాడు" అన్నాడు ఆ తమ్ముడు. దానికి ఎదురు చెప్పే నోరు ఎవరికుంది? మిగతా ముగ్గురం తలలు వంచుకుని కూర్చున్నాం. చివరికి అతనే లేచి, తాత బొమ్మను మడిచి పెట్టెలో పెట్టి, "కొత్త గుడ్డ నానబెడదాం" అన్నాడు. ఇరవై రోజుల్లో మామూలు జీవవృక్షం ఒకటి వేశాం. నెమళ్ళు, చిలకలు, పసుపు పువ్వులు. వ్యాపారి ఏడు వేలకు తీసుకున్నాడు. మిగతా డబ్బు నలుగురం తలా కొంత అప్పుచేసి కలిపాం. ఉగాదికి వాళ్ళ నాన్న ఇంటికొచ్చాడు. జీవవృక్షం వేసినందుకు మాకు చిన్నతనం లేదు. అదీ మా పనే.

మధ్యప్రదేశ్‌లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే పరధాన్ గోండు యువకుడు ఉండేవాడు. పాటన్‌గఢ్ ఊళ్ళో ఇంటిగోడల మీద బొమ్మలు వేసేవాడు. 1980ల మొదట్లో అతన్ని భోపాల్‌లోని భారత్ భవన్‌కు తీసుకొచ్చారు. అతను తమ దేవతలను తనకు తోచినట్టు కాగితం మీద వేశాడు. ఆ తర్వాత అతని ఊరివాళ్ళు, చుట్టాలు ఎందరో అదే దారిలో బొమ్మలు వేసి బతుకుతున్నారు. మనవైపు యానాదులకూ ఎరుకలకూ అటువంటి బొమ్మల సంప్రదాయం గోడల మీద లేదని మమ్మల్ని కొందరు అడిగారు. బుట్ట ఉంది, వల ఉంది, కుట్టుపని ఉంది. చెయ్యి ఉంది కదా!

శివరాత్రి ముందురోజు గుడ్డను ఆఖరిసారి ఉతికాం. తాతను కాళహస్తికి తీసుకొచ్చి చూపించాం. చాలాసేపు చూసి, "చెవులు పెద్దగా ఏసినారే" అన్నాడు. గుడిమల్లం పోగులు పెట్టాం కదా, అందుకని. తర్వాత మెల్లగా, "ఆ కన్ను తీసేసేటప్పుడు నవ్వతా ఉండాడు. బాగుండాది" అన్నాడు.

ఆ గుడ్డ ఈ రోజు ఈ హాలు వెనకగోడకు కట్టి ఉంది, మీరు లోపలికొస్తూ చూసే ఉంటారు. భోజనాల తర్వాత దగ్గరికెళ్ళి చూడండి. చేతులు తుడుచుకుని వెళ్ళండి, తడి తగిలితే నీలం ఇంకా కొంచెం దిగుతుంది. కలాలు, బొగ్గు, పాత పేపర్లు అక్కడే బల్ల మీద పెట్టాం. సాయంత్రం బస్సు దాకా మేం నలుగురం అక్కడే ఉంటాం. మీ ఇంట్లో ఎవరి ముఖమైనా గీయాలనుంటే ఫోనులో ఫోటో ఉన్నా చాలు.